చుట్టూ తిరగనిదే పేరు పెట్టని మనిషి

మొన్న నందిగామ దాటకముందే మా బస్సు ఆగిపోయింది. ముందు ఒక పొడుగాటి మిలట్రీ ట్రైలరు టైరు పేలి రోడ్డుకు అడ్డంగా నిలబడి ఉంది. దాని మీద టార్పాలిను కప్పి తాళ్ళతో బిగించిన పెద్ద ఆకారం. బస్సులో సగం మంది కిటికీల్లోంచి తలలు బయటపెట్టి "ట్యాంకు, ట్యాంకు" అనుకుంటున్నారు. నా పక్క సీటులో ఉన్న మిరపకాయల వ్యాపారి నన్ను మోచేత్తో పొడిచి, "ట్యాంకేనంటారా?" అని అడిగాడు.

"కింద చూశారా? నెత్తిన చూశారా? మెడ చూశారా?" అనేశాను.

నోట్లోంచి వచ్చాక గానీ ఆ మాటలు నావి కావని గుర్తు రాలేదు. వ్యాపారి కాస్త పక్కకు జరిగి నన్ను ఎగాదిగా చూశాడు. "తమరు మిలట్రీలో చేశారాండీ?" అన్నాడు. లేదన్నాను. "మరి?" అన్నాడు. ఆ "మరి"కి అప్పుడు నేను జవాబు చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

ఆ మాటలు అసలు ఎవరివో, ఆయన పేరు రాయను. ఒకసారి ఆ పేరును ఒక కాగితం మీద గుండ్రటి అక్షరాలతో రాశాను, ఆ పుణ్యం చాలు. నేను పనిచేసిన ఆఫీసు పేరు కూడా రాయను. నందిగామలో ఒక గవర్నమెంటు ఆఫీసు, అందులో రికార్డుల గుమాస్తాను, అంతవరకు తెలిస్తే సరిపోతుంది. గుమాస్తా చేసిన దానికి గోడలనేం అంటాం?

మాది జగ్గయ్యపేట. రోజూ పొద్దున్నే బస్సెక్కి నందిగామ వెళ్ళేవాణ్ణి. ఆ రోజుల్లో బస్సు చిల్లకల్లు దగ్గర పెద్ద రోడ్డెక్కే చోట పావుగంట ఆగేది. డ్రైవరు టీ తాగాలి, క్లీనరు ఇంజనులో నీళ్ళు పొయ్యాలి. ఆ పక్కనే తాటాకు పందిరి కింద గాలి కొట్టే పంపు, నీళ్ళ తొట్టి, పాత ట్యూబుల గుట్ట. పంక్చర్ల షాపు. అది ఆయనది.

పొట్టి మనిషి. నలభై దాటిన వయసు. పంచె మీద ఖాకీ చొక్కా. కుడి చెవి వినపడదు, ఫిరంగుల దగ్గర పోయింది. అందుకని ఎవరు మాట్లాడినా మెడ తిప్పి ఎడమ చెవి అప్పజెప్పేవాడు. ఆ చెవి మీద పెన్సిలు ముక్క. దానికి దారం కట్టి, ఆ దారం రెండో కొసను చొక్కా జేబులో ఉన్న నోటుపుస్తకానికి ముడేశాడు. పెన్సిలు పడితే పుస్తకానికి తెలుస్తుంది, పుస్తకం పోతే పెన్సిలుకు తెలుస్తుంది అనేవాడు. రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా వెళ్ళొచ్చాడని ఊళ్ళో అనుకునేవాళ్ళు. ఆయన మాత్రం ఆ ఊసెత్తేవాడు కాదు.

నేను మొదట గమనించింది ఆయన నడక. లారీ వచ్చి ఆగుతుంది. డ్రైవరు దిగి, "ముందు ఎడమ చక్రమయ్యా, గాలి పోతంది," అంటాడు. ఆయన ఆ చక్రం వైపు చూడడు. లారీ చుట్టూ ఒక ప్రదక్షిణం చేస్తాడు. వంగి కింద చూస్తాడు, నిక్కి పైన చూస్తాడు.

"చెప్తన్నాను గదయ్యా ఎడమ చక్రమని," డ్రైవరు విసుక్కుంటాడు.

"మీరు చెప్పింది విన్నానండి. నన్ను కూడా ఓసారి చూడనీండి."

ఒకసారి ఆ తిరగడంలోనే వెనక చక్రంలో అరచెయ్యంత మేకు దొరికింది. ఆ డ్రైవరు రెండు చక్రాలకూ డబ్బులిచ్చి పోయాడు. కానీ దొరకని రోజులే ఎక్కువ. ఆయన ఆ అలవాటు లారీలకే ఆపలేదు. ఎవరన్నా గేదెను తోలుకుపోతూ "ఎట్టా ఉంది మా కొత్త గేదె?" అని అడిగితే, దాని చుట్టూ తిరిగి వచ్చిన తరవాతే "బాగుంది" అనేవాడు. టీ గ్లాసు ఇస్తే పైకెత్తి అడుగు చూసి గానీ తాగేవాడు కాదు. టీ కొట్టు ఆయనకు ఇదొక వేళాకోళం. "మిలట్రీ, గ్లాసులో గూఢచారి లేడులేవయ్యా, తాగు," అనేవాడు. అందరూ నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేవాణ్ణి గానీ, నా నవ్వు పూర్తిగా నవ్వు కాదు.

ఎందుకంటే నా ఉద్యోగం అనుమానం. అర్జీ వస్తే వేలిముద్ర ఎవరిదని అనుమానం, తారీకు కొట్టేసి ఉంటే అనుమానం, కొట్టివెయ్యకుండా మరీ శుభ్రంగా ఉంటే ఇంకా అనుమానం. పని లేకుండా ఏ మనిషీ ఏదీ రాయడని నా నమ్మకం. మరి పంక్చర్లు వేసుకునే మనిషికి నోటుపుస్తకమెందుకు? అందులోనూ మిలట్రీ బండ్లు వెళ్ళిన రోజే అది జేబులోంచి బయటికెందుకు వస్తుంది?

హైదరాబాదు రోడ్డు గనక ఆ దోవన అప్పుడప్పుడు మిలట్రీ బండ్లు పోతుండేవి. చెయిన్ల మీద నడిచే వాటిని రోడ్డు మీద నేరుగా తోలరు, పెద్ద ట్రైలర్ల మీద ఎక్కించి, టార్పాలిన్లు కప్పి తీసుకుపోతారు. అట్లాంటివి వచ్చి చిల్లకల్లులో ఆగితే ఊరంతా చేరి "ట్యాంకులు" అనేది. ఈయనకు అరికాలి మంట నెత్తికెక్కేది. ఊరు ఊరుకోదు కదా, ఆయనకే "ట్యాంకాయన" అని పేరు పెట్టేసింది. నలుగురూ పిలిచే పేరు, మనిషికి గిట్టని పేరు, రెండూ ఒకటైతే ఇక ఆ మనిషికి నిద్రేముంటుంది?

ఒకరోజు ఉండబట్టలేక అడిగాను. "ట్యాంకంటే ఏం పోయిందండీ? అదీ ఇనుమే, ఇదీ ఇనుమే. దానికీ ఫిరంగే, దీనికీ ఫిరంగే."

ఆయన ఎడమ చెవి ఇటు తిప్పి విన్నాడు. "మీకూ మీ ఆఫీసరుకూ తేడా ఏంటండీ గుమస్తాగారూ? ఇద్దరికీ చొక్కాలే గదా," అన్నాడు.

ఆ తరవాత నేలమీద పుల్లతో గీసి చెప్పాడు. ఎదురుగా ఆగి ఉన్న ట్రైలరు మీద రెండు ఆకారాలు టార్పాలిన్ల కింద ఉన్నాయి, వాటినే చూపిస్తూ.

"ముందు కింద చూడాలండి. చక్రాలుంటే అది ఆర్మర్డ్ కారు. ముందు చక్రాలూ వెనక చెయినూ అయితే సగం బండి. మొత్తం చెయినే అయితే అప్పుడే పేరు పెట్టగూడదు, నెత్తిన చూడాలి. మూతుంటే ట్యాంకు కావొచ్చు. నెత్తి బోడిగా ఉండి, లోపల నిలబడితే ఆకాశం కనపడేదైతే అది ట్యాంకు కాదు. మడుసుల్ని మోసే బండన్నా అవ్వాలి, నడిచే ఫిరంగన్నా అవ్వాలి. అప్పుడు మెడ చూడాలి. ట్యాంకు మెడ చుట్టూ తిప్పుద్ది. నడిచే ఫిరంగి తిప్పలేదు. పక్కకి కొట్టాలంటే ఒళ్ళంతా తిప్పుకోవాల్సిందే."

"తిప్పుకుంటే తిప్పుకుంటుంది. మనకేం?"

"మనకే అండి. ట్యాంకు శత్రువుకి ఎదురు పోవాలి. ఈ ఫిరంగి మైళ్ళ వెనక నిలబడి కొండ అవతలకి గుండేస్తది. రేకు పల్చన, నెత్తిన మూత లేదు. దీన్ని ట్యాంకనుకుని ముందుకు తోలాడనుకోండి పైవాడు, లోపలోళ్ళు తిరిగి రారు. పేరు తప్పితే మనిషి పోతాడండి."

ట్రైలరు డ్రైవరు సర్దార్జీ టీ తాగుతూ ఇదంతా చూస్తున్నాడు. నేను సైగ చేస్తే, నవ్వి, రెండో ఆకారం మీద టార్పాలిను ఒక మూల లేపాడు. నెత్తి బోడి. ఆయన పందిరి కింద కూర్చుని, గుడ్డ కప్పిన దాన్ని గుడ్డ మీదనుంచే చెప్పాడు. ఆ పూట ఆయన మీద నాకు గౌరవం కలిగింది. బస్సు ఐతవరం దాటేసరికి ఆ గౌరవం మళ్ళీ అనుమానంగా మారింది. కప్పిపెట్టిన దాన్ని ఈ మనిషి కనిపెట్టగలిగితే, ప్రభుత్వం దాన్ని మరి ఎవరినుంచి దాచినట్టు?

పుస్తకం కూడా చూపించాడు. నేను అడగలేదు, ఆయనే ఇచ్చాడు. తారీకు, ఎటునుంచి ఎటు, ఏ జాతి, ఎన్ని. పేర్లు ఇంగ్లీషువి, అక్షరాలు తెలుగువి. ప్రీస్టు, బిషప్పు, సెక్స్టను. ఏమిటివని అడిగితే, దొరలు నడిచే ఫిరంగులన్నిటికీ చర్చిలో వాళ్ళ పేర్లే పెట్టారని, ట్యాంకులకు జనరళ్ళ పేర్లు పెట్టారని చెప్పాడు. సెక్స్టను అంటే సమాధులు తవ్వేవాడట. ఎందుకలా పెట్టారంటే, "దొరల్నడగాలండి," అన్నాడు. మొదటి నాలుగు పేజీల్లో బొమ్మలున్నాయి. ఆ చేతిరాత వేరుగా ఉంది. రాత వేరుగా ఉంటే కనిపెట్టడం నా వృత్తి గనక కనిపెట్టాను, కానీ ఎవరిదని అడగలేదు. మనసులో రాసుకున్నాను.

"మరి మీ కాయితాలకి కూడా జాతులుంటాయా?" అని అడిగాడు.

ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడిగి ఉండలేదు, ఇంట్లో కూడా. సంబరంగా చెప్పాను. ఫైలు మూసేటప్పుడు దాని నెత్తిన ఒక గుర్తు వేస్తాం. ఆర్ డిస్ అని వేస్తే శాశ్వతంగా ఉంచాలి. డి డిస్ అయితే పదేళ్ళు. కె డిస్ మూడేళ్ళు. ఎల్ డిస్ అయితే ఏడాది తిరగ్గానే పెరట్లో వేసి కాల్చెయ్యడమే.

"ఆ గుర్తు ఎవరేస్తారండి?"

"నేనే."

"శాశ్వతంగా ఉండాల్సింది పొరపాటున ఏడాది గుట్టలో పడితే?"

"పడదండీ. మేం చూసే వేస్తాం," అన్నాను. కొంచెం గర్వంగానే అన్నాను. అట్లా ఎనిమిదేళ్ళు గడిచాయి. పావుగంట బస్సు ఆగడం, రెండు మాటలు, అంతే మా స్నేహం. స్నేహమని ఇప్పుడు అంటున్నాను. అప్పుడు అడిగి ఉంటే, బస్సు ఆగే చోట కనపడే మనిషి అని చెప్పేవాణ్ణి. చెప్పాను కూడా.

అరవై అయిదులో పాకిస్తానుతో యుద్ధం వచ్చింది. కృష్ణ ఒడ్డున మనకేం యుద్ధమని అనుకుంటారు గానీ, భయం చాలా దూరం ప్రయాణం చేస్తుంది. లారీల దీపాలకు సగం నల్లరంగు పూశారు. ముక్త్యాల కొండల్లో ఎవరో గొడుగులు కట్టుకుని ఆకాశంలోంచి దిగారని ఒకడంటే, తాను చూశానని ఇంకొకడన్నాడు. చుట్టపు చూపుగా వచ్చినవాణ్ణి కూడా ఏ ఊరని రెండుసార్లు అడిగేవాళ్ళు. ఆ రోజుల్లోనే మా ఆఫీసుకు ఒక ఆకాశరామన్న ఉత్తరం వచ్చింది. చిల్లకల్లులో ఫలానా మనిషి మిలట్రీ బండ్ల లెక్క రాసి ఎవరికో పంపుతున్నాడని. రాసిందెవరో ఇప్పటికీ తెలియదు. టీ కొట్టు ఆయన అని కొన్నాళ్ళు అనుకున్నాను. ఆ మేకు లారీ డ్రైవరని కొన్నాళ్ళు. నేనే రాశానని ఆయన అనుకున్నాడేమోనని చాలా ఏళ్ళు.

పోలీసులు ఆయన్ను తీసుకొచ్చి మా ఆఫీసరు ముందు నిలబెట్టారు. పెన్సిలు, పుస్తకం, మధ్య దారం, అన్నీ బల్ల మీద. నేను పక్కన నిలబడి వాంగ్మూలం రాసుకోవాలి.

"ఈ ప్రీస్టులెవరయ్యా? పదిహేనో తారీకున ఇద్దరు, ఇరవయ్యో తారీకున ఒకడు. ఎక్కడికి పోయారు వీళ్ళంతా?" అన్నాడు ఆఫీసరు.

"మనుషులు కాదండి. నడిచే ఫిరంగులు."

"అంటే ట్యాంకులేగా?"

"ట్యాంకులు కాదండి," అన్నాడు ఆయన. ఆ సమయంలో కూడా వదల్లేదు మహానుభావుడు. తరవాత మెడ తిప్పి నన్ను చూశాడు. ముఖంలో కాస్త వెలుగు వచ్చింది. "గుమస్తాగారికి తెలుసండి. ఈ పుస్తకం ఎనిమిదేళ్ళ నుంచి చూస్తన్నారు. అడగండి."

ఆఫీసరు కళ్ళద్దాల మీదనుంచి నన్ను చూశాడు. "నువ్వెరుగుదువా ఇతన్ని?"

ఒక్క మాట చాలు. ఎరుగుదునండి, పిచ్చి తప్ప పాపం లేదండి, అంటే ఆ పూటే చిల్లకల్లు బస్సెక్కేవాడు. కానీ నా బుర్ర నా బుర్రే కదా. ఎనిమిదేళ్ళుగా చూస్తూ ఎందుకు రిపోర్టు చెయ్యలేదని నన్నడిగితే? గవర్నమెంటు ఉద్యోగివై ఉండి గూఢచారి పుస్తకం తిరగేస్తూ కూర్చున్నావా అంటే?

"బస్సు ఆగే చోట కనపడతాడండి. అంతే," అన్నాను.

ఆయన ముఖంలో వెలుగు పోయిందని రాయాలని ఉంది. పోలేదు. సరిగ్గా వినపడలేదనుకుని ఎడమ చెవి ఇంకొంచెం ముందుకు పెట్టాడు. నేను రెండోసారి చెప్పలేదు. వాంగ్మూలం కింద నా అభిప్రాయం రాయమన్నారు, రాశాను. "సదరు వ్యక్తి ఉద్దేశము తెలియరాలేదు. అనుమానించదగి యున్నది." రెండు వాక్యాలు. దస్తూరి చాలా బాగా కుదిరింది.

పందొమ్మిది రోజులు లోపల ఉంచారు. ఇరవయ్యో రోజున ఎక్కడినుంచో ఒక మిలట్రీ ఆఫీసరు జీపులో వచ్చాడు. పుస్తకం తిరగేస్తూ హిందీలో ఏవో అడిగాడు, ఈయన హిందీలోనే చెప్పాడు. ఒకచోట వేలు పెట్టి ఇది తప్పన్నాడు ఆ ఆఫీసరు. కాదన్నాడు ఈయన. తాను చుట్టూ తిరిగి చూశానని చెప్పి, బల్ల మీద పేపరువెయిటునూ సిరాబుడ్డినీ పెట్టి ఏదో వాదించాడు. ఆ ఆఫీసరు సిరాబుడ్డిని అటూ ఇటూ తిప్పి చూసి, పకపకా నవ్వి, నీదే రైటన్నాడు. భుజం మీద చెయ్యేసి బయటిదాకా తీసుకొచ్చాడు. పెన్సిలూ దారమూ అప్పుడే ఇచ్చేశారు. మా ఆఫీసరు నాతో, "ఫైలు మూసెయ్. పుస్తకం అతనికి తిరిగిచ్చి సంతకం తీసుకో," అన్నాడు.

ఆ సంతకం దగ్గరే నేను ఆగిపోయాను. పుస్తకం ముట్టినట్టు సంతకం పెట్టాల్సింది ఆ వాంగ్మూలం కింద, నా నోటు కింద. ఆయనకు తెలుగు చదవడం వచ్చు. నిదానంగా, వేలు పెట్టుకుని చదువుతాడు. సంతకం పెట్టే ముందు కాగితం చుట్టూ కూడా తిరుగుతాడు, నాకు తెలుసు. నా రెండు వాక్యాల మీద ఆయన వేలు పాకుతుంటే నేను ఎదురుగా కూర్చోవాలి.

ప్రతి శుక్రవారం వచ్చేవాడు. వరండాలో నిలబడి, "నా పుస్తకం ఇప్పిస్తారాండి?" అనేవాడు. ఆర్డరు రావాలన్నాను ఒక వారం. ఫైలు పైకి వెళ్ళిందన్నాను ఇంకో వారం. ఒక శుక్రవారం సాయంత్రం ఆయన వెళ్ళిపోయాక ఫైలు మూశాను. పుస్తకాన్ని అందులోనే పెట్టి కట్టాను. నెత్తిన ఎల్ డిస్ అని వేశాను. ఏడాది తిరిగితే నా రెండు వాక్యాలూ బూడిదవుతాయి, ఇంకెవరూ చూడరు. దాంతోపాటు ఏమేం బూడిదవుతుందో ఆలోచించలేదని చెప్పుకోవచ్చు. ఆలోచించాను. బండ్ల లెక్కలేగా అనుకున్నాను.

ఆ మాఘమాసంలో శుక్రవారం కాని రోజున వచ్చాడు. ఎప్పుడూ వరండాలో నిలబడేవాడు, ఆ రోజు నా బల్ల దాకా వచ్చాడు.

"మొత్తం వద్దండి. మొదటి నాలుగు పేజీలు చించి ఇచ్చినా చాలు. అయ్యి నావి కావు," అన్నాడు.

అప్పుడు చెప్పాడు. ముక్త్యాల నుంచి ఈయనతో కలిసి సైన్యంలో చేరిన స్నేహితుడొకడు. నడిచే ఫిరంగికి డ్రైవరు. ఈయనకు అక్షరాలు నేర్పిందీ అతనే, బర్మాలో ఆ బొమ్మలు గీసి ఏది ఏ జాతో నేర్పిందీ అతనే. ఒకరోజు తెల్లారగట్ల మంచులో ఈయన కాపలా. పొదల అవతల ఒక ఆకారం కదిలింది. ఈయన "ట్యాంకు" అని అరిచాడు. వెనక ట్యాంకుల్ని కొట్టే మన ఫిరంగి సిద్ధంగా ఉంది, ఒక్కటే గుండు వేశారు. అది ట్యాంకు కాదు. రిపేరు చేయించుకుని తిరిగొస్తున్న మన ఫిరంగి బండే. లోపల అతను.

"చూసుంటే తెలిసేదండి. నెత్తి బోడి. మెడ లేదు. చూడలేదు నేను," అన్నాడు. ఏడవలేదు. ట్యూబుకు చిల్లి ఎక్కడుందో చెప్పినట్టు చెప్పాడు.

అతనికి ఫొటో లేదు. శవం ఇంటికి రాలేదు. ముక్త్యాలలో తల్లి ఉంది. ఏటా మాఘంలో కొడుకు పోయిన తిథికి ఆవిడ పెద్దలకు పెట్టుకునేది. పీట మీద కొత్త పంచె పెట్టి, ఆ పంచె మీద ఈ పుస్తకం తెరిచి పెట్టేవాళ్ళు. ఆవిడకు చదువు రాదు. కొడుకు రాసిన అక్షరాల మీద అరచెయ్యి ఆనించి కాసేపు కూర్చునేది. అయ్యాక ఈయన పుస్తకం జేబులో పెట్టుకుని చిల్లకల్లు వచ్చేవాడు. ఇరవై ఏళ్ళుగా అదే. "ట్యాంకు" అని అరిచింది ఎవరో ఆవిడకు ఈయన చెప్పలేదు. నాకు చెప్పాడు.

ఫైలు అప్పుడు నా వెనక బీరువాలోనే ఉంది, రెండో అరలో. లేచి చెయ్యి చాపితే అందుతుంది.

"పైకి రాశామండి. వచ్చే ఏటికల్లా వస్తుంది," అన్నాను.

ఆయన దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. ఆ తరవాత ఎన్నోసార్లు ఆ బీరువా తెరిచాను. నాలుగు పేజీలు చించి జేబులో వేసుకుంటే సరిపోయేది, ఎవరూ అడగరు. చించిన పేజీల మీద తరవాత ఎవరికన్నా అనుమానం వస్తేనో అని అనుమానం. రేపు, ఎల్లుండి అనుకుంటూ ఏడాది గడిపాను. పాత రికార్డులు తగలబెట్టే రోజు రానే వచ్చింది. ఆ రోజు నేను సెలవు పెట్టాను. జ్వరమని రాశాను. జ్వరం లేదు.

ఆ తరవాత కొన్నాళ్ళకు, మళ్ళీ మాఘం వస్తుందనగా, చిల్లకల్లులో బస్సు ఆగింది. ఏడాదిగా నేను బస్సు దిగడం మానేశాను. ఆ రోజు ఆయనే కిటికీ దగ్గరికొచ్చి, "ఓసారి దిగుతారాండి?" అన్నాడు. దిగాను. ట్యూబు ఒకటి తొట్టిలో ముంచి ఉంది, బుడగలు వస్తున్నాయి. ఆయన జేబు ఖాళీ. పెన్సిలు మాత్రం చెవి మీదే ఉంది, దారం ఊరికే వేలాడుతోంది.

"పోయినేడు వట్టి చేతుల్తో వెళ్ళా గదండీ. ఆమె పీటేసి, పంచె పెట్టి, 'వాడేడిరా?' అనడిగింది. ఆఫీసులో ఉన్నాడమ్మా, వచ్చే ఏడు పంపిస్తారంట అని చెప్పా. సరే, కాయితం పనులు గదా, ఆలస్యమవుద్దిలే అంది." మెడ తిప్పి ఎడమ చెవి నా వైపు పెట్టాడు. "ఈ ఏడు ఏం చెప్పమంటారు?"

"పుస్తకం మిలట్రీ వాళ్ళు తీసుకెళ్ళారండి. మా చేతుల్లో లేదు," అన్నాను.

ఆయన తడి చేతులు చొక్కాకు తుడుచుకున్నాడు. తరవాత నా చుట్టూ నడవడం మొదలుపెట్టాడు. వంగి నా చెప్పుల దగ్గర చూశాడు. నిక్కి నా నెత్తి చూశాడు. వెనక్కి వెళ్ళి నా మెడ దగ్గర కాసేపు ఆగాడు, ఊపిరి తగిలింది. క్లీనరు నీళ్ళ డబ్బా పట్టుకుని అలాగే నిలబడ్డాడు. దొంగ అంటాడో, ద్రోహి అంటాడో, ఏదో ఒకటి అంటాడు, అనేస్తే బాగుండునని కూడా అనిపించింది. ఆయన లెక్క తప్పదు. ఎనిమిదేళ్ళు చూశాను గదా, చుట్టూ తిరిగి వచ్చాక పేరు పెట్టకుండా వదిలిన వస్తువు లేదు.

తిరిగి నా ముందుకొచ్చి నిలబడ్డాడు. చెవి మీది పెన్సిలు తీశాడు. చూసుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

"బస్సు కదుల్తందండి. ఎక్కండి," అన్నాడు.